ఈ-కోలై ఫాస్ఫేట్ ఆకలిని ట్యూబులో కళ్లారా చూడాలంటే

ఎంఎస్సీ మైక్రోబయాలజీలో ఫో రెగ్యులాన్ (ఫాస్ఫేట్ తగ్గినప్పుడు ఒకేసారి పనిలోకి దిగే జన్యువుల గుంపు) అనగానే బాణం గుర్తులతో ఒక బొమ్మ బట్టీ పట్టేస్తాం, పరీక్ష అయ్యాక మర్చిపోతాం. అదే బొమ్మని రెండు రోజుల్లో ట్యూబులో పసుపు రంగుగా చూడొచ్చు. కావలసింది ఈ-కోలై కే-12 రకం ఒకటి, షేకర్, స్పెక్ట్రోఫోటోమీటర్, పీఎన్‌పీపీ అనే రసాయనం (ఫాస్ఫటేజ్ ఎంజైమ్ దీన్ని కోస్తే పసుపు రంగు వస్తుంది), కొంచెం ఓపిక.

ముందు ఏం జరుగుతుందో చెప్తాను, ఇది తెలియకపోతే తర్వాత రీడింగ్ తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో పట్టుకోలేరు. ఫాస్ఫేట్ దండిగా ఉన్నప్పుడు బ్యాక్టీరియాకి పిట్ఏ అనే మామూలు ద్వారం చాలు. బయట ఫాస్ఫేట్ సుమారు 4 మైక్రోమోలార్ కంటే కిందికి పడిపోయిందంటే కణ త్వచంలో ఉన్న ఫోఆర్ ప్రోటీన్ తన మీద తనే ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని, దాన్ని ఫోబీకి అందిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన ఫోబీ డీఎన్ఏ మీద 18 అక్షరాల ఫో బాక్స్‌ని పట్టుకుంటుంది (సీటీజీటీసీఏటీ లాంటి ఏడు అక్షరాలు రెండుసార్లు, మధ్యలో నాలుగు), ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ని అక్కడికి రప్పిస్తుంది. అప్పుడు ఫాస్ఫేట్‌ని గట్టిగా పట్టి లాగే పీఎస్‌టీ పంపు, బయటి పొరలో ఫోఈ రంధ్రం, ఫోఏ అనే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, వీటితో పాటు ఫోబీ, ఫోఆర్ జన్యువులు కూడా ఒక్కసారిగా జోరందుకుంటాయి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. ఫోఆర్ బయటి ఫాస్ఫేట్‌ని నేరుగా కొలవదు. ఫాస్ఫేట్‌ని లోపలికి తెచ్చే పీఎస్‌టీ పంపు తనే కబురు కూడా చెప్తుంది, మధ్యలో ఫోయూ అనే ప్రోటీన్ ఉంటుంది. పంపుకి చేతినిండా పని ఉంటే ఫోఆర్ ఎదురుపని చేస్తుంది, ఫోబీ మీది ఫాస్ఫేట్‌ని ఊడగొడుతుంది. అందుకే పీఎస్‌టీ జన్యువు పాడైన రకాన్ని ఎంత ఫాస్ఫేట్‌లో పెంచినా, కంచం నిండా అన్నం పెట్టినా ఆకలి ఆకలి అన్నట్టే, ఫోఏ తయారు చేస్తూనే ఉంటుంది.

ఇక మీడియం, అంటే బ్యాక్టీరియాని పెంచే ద్రావణం. తొంభై శాతం మంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. మొదటిసారి అలవాటుగా ఎం9 అనే మీడియం వాడాను, రోజంతా చూసినా రంగు రాలేదు, టెన్షన్‌తో పీఎన్‌పీపీ సీసా మార్చాను, తర్వాత గానీ వెలగలేదు: ఎం9లో బఫరే ఫాస్ఫేట్, దాదాపు 70 మిల్లీమోలార్! ల్యాబుల్లో మామూలుగా వాడే ఎల్‌బీ మీడియం కూడా పనికిరాదు. మోప్స్ బఫర్‌తో చేసే మీడియం తీసుకోండి, గ్లూకోజ్ 0.4 శాతం, ఒక ఫ్లాస్కులో ఫాస్ఫేట్ 2 మిల్లీమోలార్, ఇంకోదాంట్లో 0.1. పొటాషియం ఫాస్ఫేట్ తగ్గిస్తే పొటాషియం కూడా తగ్గిపోతుంది కాబట్టి ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలపండి, లేకపోతే దేనికి ఆకలో తెలియదు. గాజు సామాను సబ్బుతో కడిగి వదిలేయకండి, కొన్ని సబ్బుల్లో ఫాస్ఫేట్ ఉంటుంది. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో తొలిచి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడగండి.

రాత్రి 2 మిల్లీమోలార్ మీడియంలో పెంచిన కల్చర్‌ని పొద్దున సెంట్రిఫ్యూజ్ చేసి, ఫాస్ఫేట్ లేని మీడియంతో రెండుసార్లు కడిగి, రెండు ఫ్లాస్కుల్లోనూ ఓడీ (600 నానోమీటర్ల దగ్గర కొలిచే కల్చర్ చిక్కదనం) 0.05తో మొదలుపెట్టి 37 డిగ్రీల దగ్గర షేకర్‌లో పెట్టండి, అరగంటకోసారి ఓడీ చూసి, 1 మిల్లీలీటర్ శాంపిల్ తీసి ఐసులో ఉంచండి. 0.1 మిల్లీమోలార్ ఫ్లాస్కు ఓడీ 0.3 ప్రాంతంలో మందగిస్తుంది. లెక్క కూడా సరిపోతుంది: లీటరుకి 3.1 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, కణాల పొడి బరువులో ఫాస్ఫరస్ సుమారు 3 శాతం, అంటే 100 మిల్లీగ్రాముల కణాలకే సరుకు సరిపోతుంది.

శాంపిల్‌ని మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి 1 మోలార్ ట్రిస్ బఫర్, పీహెచ్ 8లో కలపండి. ఇది వదిలేస్తే 2 మిల్లీమోలార్ ట్యూబులో మిగిలిన ఫాస్ఫేట్ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది, జన్యువు ఆగిందా ఎంజైమ్ ఆగిందా చెప్పలేరు. అందులోంచి 0.1 మిల్లీలీటర్ తీసి 0.9 మిల్లీలీటర్ ట్రిస్‌లో వేసి, కణాల పొరలు తెరుచుకోవడానికి 0.1 శాతం ఎస్‌డీఎస్ (డిటర్జెంట్) ఒక చుక్క, క్లోరోఫామ్ రెండు చుక్కలు వేసి పది సెకన్లు వోర్టెక్స్ చేయండి. క్లోరోఫామ్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, ప్లాస్టిక్ క్యూవెట్‌లోకి అది దిగకుండా చూసుకోండి. 37 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచి, 0.4 శాతం పీఎన్‌పీపీ 0.1 మిల్లీలీటర్ వేసి టైమర్ నొక్కండి. ఆకలితో ఉన్న కణాల ట్యూబు చూస్తుండగానే నిమ్మపండు పసుపులోకి తిరుగుతుంది, పక్కనున్నది నీళ్లలాగే ఉంటుంది. ఆ క్షణం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆపడానికి 1 మోలార్ పొటాషియం ఫాస్ఫేట్ 0.1 మిల్లీలీటర్ వేసి, టైమ్ రాసుకోండి.

లెక్క ఇలా: 420 నానోమీటర్ల రీడింగ్‌లోంచి (పసుపు రంగు) 550 రీడింగ్‌కి (కణాల మసక) 1.75 రెట్లు తీసేయండి, వచ్చినదాన్ని 1000తో గుణించండి, దాన్ని నిమిషాలు, శాంపిల్ మిల్లీలీటర్లు, ఓడీ600 మూడింటి లబ్ధంతో భాగించండి. ఫాస్ఫేట్ ఉంటే ఈ ఎంజైమ్ తయారవదని 1959లో జపాన్‌లో హోరియుచి బృందం, 1960లో అన్నామరియా టోరియాని చూపించారు, మీరు చేస్తున్నది అదే పరిశీలన.

దొరికితే ఫోబీ, పీఎస్‌టీఎస్ (పీఎస్‌టీ పంపులో ఒక భాగం), ఫోయూ జన్యువులు తీసేసిన రకాలు కూడా పక్కన పెట్టండి. ఫోబీ లేనిది ఆకలిలోనూ రంగు చూపదు, మిగతా రెండూ 2 మిల్లీమోలార్‌లోనూ పసుపు తెస్తాయి. ఫోయూ లేనిదాంతో మాత్రం జాగ్రత్త, అది సరిగా పెరగదు, పెరగడం కోసం వేరే జన్యువుల్లో మార్పులు తెచ్చుకుంటుంది. కాబట్టి ప్లేటు మీంచి ప్లేటు మీదికి మార్చుకుంటూ పోకుండా, ప్రతిసారీ గ్లిసరాల్ స్టాక్ నుంచి కొత్తగా గీసుకోండి.