‘ఏడు తరాలు’ పదిమందితో కలిసి చదవాలంటే

తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు డిగ్రీ పిల్లలతో నవలలు చదివిస్తుంటాను. బానిసత్వం మీద వచ్చిన పుస్తకాలు ఎలా చదివించాలని తోటి టీచర్లు అడుగుతుంటారు. నేను చేసేది చెప్తాను.

ముందు ‘ఏడు తరాలు’ పట్టుకోండి. అలెక్స్ హేలీ 1976 నాటి ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు అది. ఇంగ్లీషు పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి. ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసగా పట్టుకొచ్చిన కుంటా మొదలు తన వంశం కథ ఇదని హేలీ అన్నాడు. ఆ వంశక్రమాన్ని చరిత్రకారులు ప్రశ్నించారు కాబట్టి, నవలగానే చదవమని మొదటే చెప్పేయండి.

కొరడా దెబ్బల దగ్గర అందరి మనసూ చిక్కుకుపోతుంది. మీరు మాత్రం మాట మీద కన్నేసి ఉంచండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఏ భాషలో, ఎవరికి తెలియకుండా? అలాంటి చోటల్లా అంచున పెన్సిల్ గీత పెట్టించండి.

కుంటాను తెచ్చే ఓడ అడుగున గొలుసులతో కట్టేసిన వాళ్లలో మాండింకాలున్నారు, వోలోఫ్‌లున్నారు; పశ్చిమాఫ్రికాలోని వేర్వేరు జాతుల వాళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు. రెండు భాషలు తెలిసినవాళ్లు నడుమ ఉండి మాట అందిస్తారు. ఆ చీకట్లోనే ఒకరి మాటలు ఒకరు నేర్చుకుంటారు. ఈ పేజీలు గబగబా దాటించకండి, పైకి చదివించండి. కుప్పం, నగరి వైపు పిల్లలుంటే వాళ్లకే ఇవ్వండి. ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష నడిచే ఊళ్లు అవి. మాట చేరవేయడమంటే ఏంటో వాళ్లకు చెప్పక్కర్లేదు.

తర్వాత పేరు. కుంటా పేరు మార్చి యజమానులు టోబీ అన్నారు. అతను కూతురు కిజ్జీకి గిటారును ‘కో’ అనీ, నదిని ‘కాంబీ బొలాంగో’ అనీ నేర్పాడు. కథలో తరాలు దాటి వచ్చింది ఆ కాసిని మాటలే.

చరిత్ర ఎక్కువ చెప్పొద్దు, ఒక్క చట్టం చాలు. 1739లో అమెరికాలోని సౌత్ కరోలినాలో బానిసలు తిరగబడ్డారు, దాన్ని స్టోనో తిరుగుబాటు అంటారు. మరుసటి ఏడే ఆ సౌత్ కరోలినా బానిసలకు రాత నేర్పడాన్నీ, వాళ్లు డోళ్లు వాయించడాన్నీ నిషేధించింది. ఇది తెలిశాక బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ తెరవండి. బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు నేర్పుతుంటే భర్త మాన్పిస్తాడు. కుర్రాడు వీధిలో తెల్ల పిల్లలకు రొట్టె పెట్టి మిగతా చదువు వాళ్ల దగ్గర నేర్చుకుంటాడు. పిల్లలు ఈ భాగాన్ని వదిలిపెట్టరు.

టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ (1987) కష్టమైన నవల. అంతా కుదరకపోతే ఒక్క ఘట్టం చదవండి. బానిసగా పుట్టిన కథానాయిక సెథెకు చిన్నతనంలో నాన్ అనే ఆవిడ తల్లి సంగతి చెబుతుంది. ఆ చెప్పిన భాష సెథెకు ఇప్పుడు రాదు, చెప్పిన సంగతి మాత్రం మనసులో ఉంది. ఇక్కడ మీరేమీ వివరించకండి. రెండుసార్లు చదివించి ఊరుకోండి.

“మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు మేడమ్” అని ఎవరో ఒకరు అంటారు. అది నిజమైన బాధే, చెప్పనివ్వండి. చెప్పాక ఇంకొకటి అడగండి: ఆ సాయంత్రం ఆ కోపం ఎవరి దగ్గర, ఏ భాషలో చెప్పుకున్నావు? అమ్మ దగ్గర, తెలుగులోనే అంటారు. అప్పుడు మళ్లీ సెథె దగ్గరికి రండి. కన్నతల్లిని ఎక్కువగా పొలంలో దూరం నుంచి చూడటమే ఆమెకు దక్కింది. రెండు బాధల్నీ ఒకే గాటన కట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పై వారానికి పని ఇవ్వండి: ‘బిలవ్డ్’లోనే సిక్సో అనే బానిస ఇంగ్లీషు మాట్లాడటం ఎందుకు మానేశాడో వెతుక్కుని రమ్మనండి.