హిస్టాలజీ ప్రయోగశాల, స్వయంబోధన పాఠాలు – 6: బ్లీచ్ తెచ్చిన చిక్కులు, కంట్రోలు కణజాల సేకరణ

కిందటి పాఠం చివర, మీ ప్రయోగశాలలో ఒక వారంలో పుట్టే వ్యర్థ ద్రవాలన్నింటినీ రాసి, ఏది ఏ డబ్బాలోకి పోతుందో దాని ఎదురుగా గుర్తించమని అడిగాను. జైలీన్, ఆల్కహాల్ విషయంలో ఎవరూ పెద్దగా తడబడలేదు. జైలీన్ నీటిలో కలవదని, గది ఉష్ణోగ్రత వద్దే అంటుకోగల ఆవిరిని ఇస్తుందని తెలిసినవారికి దాన్ని సింకులో పోయకూడదని మళ్లీ చెప్పనక్కరలేదు కనుక ఆ భాగాన్ని వదిలేస్తున్నాను. ఈ పాఠాన్ని నేరుగా కంట్రోలు కణజాలంతో, అంటే స్టెయిన్ (కణజాలానికి రంగు పట్టించే పద్ధతి) సరిగా పనిచేసిందో లేదో సరిచూడటానికి రోగి నమూనాతో పాటు పెట్టే, ఫలితం ముందే తెలిసిన కణజాలంతో, మొదలుపెట్టవలసింది. అయితే ఫార్మలిన్ (కణజాలం చెడకుండా నిలిపే ఫార్మాల్డిహైడ్ ద్రావణం), డ్యాబ్ (యాంటీబాడీ పరీక్షల్లో గోధుమ రంగునిచ్చే రసాయనం), వెండి ద్రావణాలు మూడింటి ఎదుటా చాలామంది ఒకే మాట రాశారు: "బ్లీచ్ కలిపి పారబోస్తాము." దీన్ని సరిదిద్దకుండా ముందుకు వెళ్లడం కుదరదు.

బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, సూక్ష్మజీవులను చంపుతుంది. తాజా కణజాలపు స్రావాలు చిందిన బల్లను తుడవడానికి అది తగినదే. సూక్ష్మజీవిని చంపుతుంది కాబట్టి రసాయనాన్నీ నిర్వీర్యం చేస్తుందని అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఫార్మలిన్‌లో బ్లీచ్ పోస్తే అవి చర్య జరిపి వేడిని, హానికరమైన వాయువులను పుట్టిస్తాయి. పైగా ఫార్మలిన్‌లో నిలవ ఉన్న ద్రవంలో చంపవలసిన మామూలు సూక్ష్మజీవులు దాదాపు మిగిలి ఉండవు. యాసిడ్ ఆల్కహాల్‌లో పోస్తే ఆమ్లం వల్ల క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణంలో పోస్తే క్లోరమైన్లు పుడతాయి. వీటిలో ఏ ఒక్కటీ మూసిన గదిలో పీల్చదగినది కాదు.

డ్యాబ్ సంగతి మరీ మోసకరమైనది. బ్లీచ్ తగలగానే ద్రావణం ముదురు రంగుకు మారడం చూసి, చర్య పూర్తయింది, ప్రమాదం తీరింది అని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ చర్యలో ఏర్పడే పదార్థాలకు కూడా జన్యు ఉత్పరివర్తనాలను కలిగించే గుణం ఉంది. డ్యాబ్‌ను నిర్వీర్యం చేయడానికి అంగీకరించిన పద్ధతి ఆమ్లీకృత పొటాషియం పర్మాంగనేట్‌తో కనీసం రాత్రంతా ఉంచడం. అది కూడా బలమైన ఆక్సీకారిణి, బలమైన ఆమ్లం కలిసిన వ్యవహారమే కాబట్టి, రోజుకు కొద్ది మిల్లీలీటర్ల డ్యాబ్ మాత్రమే మిగిలే చోట ఆ శ్రమకు దిగడం నాకు సమ్మతం కాదు. పేరు, తేదీ రాసిన బిగుతు మూత సీసాలో పోగుచేసి, రసాయన వ్యర్థాలను స్వీకరించే అధీకృత సంస్థకు అప్పగించడమే మేలు.

వెండి ద్రావణాల గురించి ఇంకొంచెం నిదానంగా చెప్పవలసి ఉంది. రెటిక్యులిన్, ఫాంటానా–మాసన్ స్టెయిన్లలో వాడే అమ్మోనియా కలిసిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం నిలవ ఉన్నకొద్దీ, ముఖ్యంగా ఆరుతున్నకొద్దీ, పేలే స్వభావం గల వెండి సమ్మేళనాలు అందులో ఏర్పడతాయి. "రేపు మళ్లీ వాడతాము" అని పక్కన పెట్టిన సీసా మెడ లోపలి అంచున, ద్రవమట్టానికి కాస్త పైన, నల్లని పలుచని పొరగానో మెరిసే రేణువులుగానో అది కనిపించవచ్చు. అలాంటి సీసా కనబడితే మూత తిప్పకూడదు, కదపకూడదు, గీకి కడగాలని చూడకూడదు. గదిని ఖాళీ చేయించి, భద్రతాధికారికి కబురు పంపవలసిందే. ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే ద్రావణాన్ని వాడేముందే తాజాగా కలుపుకొని, పని ముగిసిన వెంటనే, అది ఇంకా తడిగా ఉండగానే, ఉప్పు ద్రావణాన్ని ధారాళంగా కలపాలి. తెల్లగా విరిగి అడుగుకు దిగే సిల్వర్ క్లోరైడ్‌ను వెండి వ్యర్థంగా వేరుగా పోగుచేయవలసి ఉంటుంది.

కణజాలాన్ని నిలిపే మరో ద్రావణమైన బూయిన్ ద్రవంలోని పిక్రిక్ ఆమ్లం ఎండిపోకూడదని, లోహపు మూత ఉన్న సీసాలో దాన్ని ఉంచకూడదని, సోడియం అజైడ్ కలిపిన యాంటీబాడీ ద్రావణాలను రాగి, సీసం గొట్టాలున్న సింకులో పోయకూడదని కిందటిసారే చెప్పాను. వాటిలో తప్పులు రాలేదు.

ఇక కణజాలం. ఫార్మలిన్‌ను వడకట్టి ద్రవాన్ని ఒక దారిన, ముక్కలను మరో దారిన పంపాలి. ముక్కలు దహనానికి పోతాయి. ఫార్మలిన్‌లో ఊరిన కణజాలాన్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టడం నిషిద్ధం, ఎందుకంటే వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరై గదంతా నిండుతుంది. ఆ పదార్థాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది.

అయితే ముక్కలను దహనానికి పంపే ఆ బకెట్టు దగ్గరే కంట్రోలు కణజాలం ప్రశ్న కూడా మొదలవుతుంది. నిలవ గడువు ముగిసిన నమూనాలను పారవేసే రోజున, అందులోంచి మంచి ముక్కలు ఏరి కంట్రోళ్లుగా దాచుకుంటున్నామని కొందరు రాశారు. పొదుపుగానే కనిపిస్తుంది గాని, వారాల తరబడి ఫార్మలిన్‌లో మునిగి ఉన్న ముక్కకూ, రోగి నుంచి వచ్చి ఒకటి రెండు రోజుల్లో ప్రాసెసింగ్‌కు (నీరు తీసి మైనం ఎక్కించడానికి) వెళ్లే ముక్కకూ ఫిక్సేషన్‌లోనే, అంటే ఫార్మలిన్‌తో కణజాలాన్ని స్థిరపరచడంలోనే, పోలిక లేదు. రొమ్ము క్యాన్సర్ నమూనాల్లో హార్మోను గ్రాహకాల పరీక్షకు 6 నుంచి 72 గంటల ఫిక్సేషన్ ఉండాలని నిర్దేశిస్తున్నప్పుడు, ఆ పరీక్షకు కంట్రోలు మాత్రం నెలనాళ్లు ఊరిన ముక్క అయితే, అది దేన్ని సరిచూస్తున్నట్టు? కంట్రోలు రోగి నమూనా నడిచిన దారిలోనే, అదే ఫిక్సేషన్, అదే ప్రాసెసింగ్, అదే మైనంతో, నడిచి రావాలి. శవపరీక్షలో తీసిన కణజాలంలో ఆటోలిసిస్ (కణాలు తమంతట తామే కుళ్లిపోవడం) ముందే మొదలై ఉంటుంది కాబట్టి, వేరే గతి లేనప్పుడు తప్ప నేను దాన్ని తీసుకోను.

కాబట్టి కంట్రోలు ముక్కను గ్రాసింగ్ బల్ల (నమూనాను పరిశీలించి ముక్కలు కోసే బల్ల) మీదే, రోగ నిర్ధారణకు కావలసిన ముక్కలన్నీ తీసిన తరువాత మిగిలిన దానిలోంచి, వేరే రంగు క్యాసెట్‌లోకి (ముక్కను ఉంచే చిన్న ప్లాస్టిక్ పెట్టెలోకి) తీయాలి. నేను కంట్రోళ్లకు ఒకే రంగు క్యాసెట్ వాడతాను, దానివల్ల అవి రోగి బ్లాకుల (మైనంలో పొదిగిన కణజాలపు దిమ్మెల) అరలోకి పొరపాటున కూడా చేరవు. రిపోర్టు వెలువడి కేసు ముగిసేదాకా ఆ బ్లాకును కోయకూడదు. రోగ నిర్ధారణకు ఆధారమైన ఏకైక బ్లాకును, ఎంత అందమైన కంట్రోలు అవుతుందనిపించినా, ఆ పనికి ముట్టుకోకూడదు. ఆ రోగికి రేపు మరో పరీక్ష అవసరం కావచ్చు. పేరు, ఆసుపత్రి సంఖ్య తీసివేసి కంట్రోలు సంఖ్య వేయడం, మిగులు కణజాలం వాడుకకు మీ సంస్థ నైతిక సంఘం అనుమతి, సమ్మతి నియమాలు ఏమంటున్నాయో చూసుకోవడం మీ బాధ్యత. క్రూట్స్‌ఫెల్ట్–యాకోబ్ వ్యాధి అనుమానం ఉన్న మెదడు కణజాలం ఎన్నడూ కంట్రోలుగా రాకూడదు. ఆ వ్యాధిని కలిగించే ప్రోటీన్లైన ప్రియాన్లను ఫార్మలిన్ చంపదు. దాని వ్యర్థ ద్రవం కూడా ప్రత్యేక దారిలోనే పోవాలి.

ఏ స్టెయిన్‌కు ఏ కణజాలమన్నది చాలావరకు తెలిసిన విషయమే: పీఏఎస్‌కు (గ్లైకోజన్ వంటి చక్కెర పదార్థాలను చూపే స్టెయిన్‌కు) మూత్రపిండం, గ్లైకోజన్‌ను కరిగించే డయాస్టేస్‌తో కలిపి చేస్తే గ్లైకోజన్ ఉన్న కాలేయం, ఎలాస్టిక్‌కు ధమని, లింఫోసైట్ల యాంటీబాడీలకు టాన్సిల్, ఏఎల్‌కే అనే ప్రోటీను యాంటీబాడీకి అపెండిక్స్‌లోని నాడీకణ గుచ్ఛాలు. అమైలాయిడ్ అనే ప్రోటీను నిక్షేపాలను చూపే కాంగో రెడ్ కంట్రోలు మాత్రం 8 నుంచి 10 మైక్రాన్ల మందంలో కోయకపోతే పోలరైజ్డ్ కాంతిలో ఆకుపచ్చ రంగు సరిగా పలకదు.

ఎంపికలో అందరూ ఇష్టపడేది దట్టంగా వెలిగే ముక్కనే. ఇనుము నిండిపోయిన కాలేయాన్ని ఇనుమును నీలంగా చూపే పెర్ల్స్ స్టెయిన్‌కు కంట్రోలుగా పెడితే, అందులోని ఫెర్రోసయనైడ్ సగం బలం కోల్పోయినా స్లయిడు నీలంగానే మెరుస్తుంది. రోగి నమూనాలోని నాలుగు రేణువులు మాత్రం కనబడకుండా పోతాయి. ఈస్ట్రోజన్ గ్రాహకానికి బలమైన కణితి ముక్క కన్నా, తక్కువ స్థాయిలో గ్రాహకాన్ని చూపే కణాలు కూడా ఉన్న గర్భాశయ ముఖద్వారం, టాన్సిల్ ఎక్కువ నిజం చెబుతాయి. క్షయ సూక్ష్మజీవులను చూపే జీల్–నీల్సన్ స్టెయిన్‌కు కూడా బాసిల్లై (ఆ సూక్ష్మజీవులు) అరుదుగా ఉన్న బ్లాకునే ఎంచుకోండి. దానికి ఒక ఇబ్బంది ఉంది: కోస్తూ పోయేకొద్దీ ఆ చిన్న క్షయ గుత్తి అయిపోయి, ఖాళీ కణజాలం మిగులుతుంది, ఏమీ కనిపించని స్లయిడును చూసి రసాయనాన్ని నిందిస్తాము.

అభ్యాసం దీని మీదనే. కంట్రోలుగా వాడుతున్న ఒక జీల్–నీల్సన్ బ్లాకు నుంచి వరుసగా 100 సెక్షన్లు (పలుచని పొరలు) కోసి, వరుస సంఖ్యలు వేయండి. 1, 25, 50, 75, 100వ సెక్షన్లను ఒకే బ్యాచ్‌లో స్టెయిన్ చేసి, ఒక్కొక్కదానిలో 50 ఆయిల్ ఇమ్మర్షన్ (నూనె చుక్క వేసి చూసే లెన్సు) క్షేత్రాలలో బాసిల్లైని లెక్కించి పట్టిక వేయండి. సంఖ్య సున్నాకు దగ్గరైన చోట, దాని ముందు వెనుక సెక్షన్లను కూడా స్టెయిన్ చేసి, బ్లాకు ఎక్కడ పనికిరాకుండా పోయిందో కచ్చితంగా గుర్తించండి. ఈ పనిలో మిగిలిన కార్బాల్ ఫుక్సిన్, యాసిడ్ ఆల్కహాల్, మెథిలీన్ బ్లూ, జైలీన్ ఏ డబ్బాలో పడ్డాయో, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీలీటర్లో అదే పట్టిక కింద రాయండి. ఈసారి ఎవరి జవాబులోనైనా బ్లీచ్ కనిపిస్తే, ఏ ద్రవంలో ఎందుకు కలిపారో కారణం కూడా రాయవలసి ఉంటుంది.