డబ్ల్యూపీ మోడల్‌లో ఏదో తేడాగా ఉందా? సమస్యలు - పరిష్కారాలు

గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం. డబ్ల్యూపీ స్టీమ్ ఇంజిన్‌ను ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. అందుకే ఇంట్లో నడిపే దాని బుల్లి మోడల్‌లో చిన్న తేడా వచ్చినా ఇట్టే తెలిసిపోతుంది.

సమస్య: ఇంజిన్ మీది రైల్వే జోన్ అక్షరాలు లేఅవుట్ (మోడల్ రైలు నడిపే పట్టాలు, స్టేషన్ల అమరిక) కాలానికి కుదరడం లేదు

కారణం: విజయవాడ అనగానే దక్షిణ మధ్య రైల్వే అని రాసేస్తాం. ఆ జోన్ పుట్టింది 1966 అక్టోబర్ 2న. అంతకుముందు విజయవాడ డివిజన్ దక్షిణ రైల్వేలో, సికింద్రాబాద్ డివిజన్ మధ్య రైల్వేలో ఉండేవి. వాల్తేరు సంగతి వేరు, అప్పట్లో అది ఆగ్నేయ రైల్వేలో ఉండేది.

పరిష్కారం: ఇంజిన్ కొనకముందే ఒక స్టేషన్, ఒక సంవత్సరం ఖాయం చేసుకోండి. నా దృష్టిలో మొత్తం పరిశోధనలో అసలు పని ఇదే. "అరవైల నాటి విజయవాడ" అంటే చాలదు. 1964కి ఒక జోన్, 1968కి ఇంకో జోన్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ ఏటి రైల్వే టైమ్‌టేబుల్ కనిపిస్తే బేరమాడకుండా కొనేయండి.

సమస్య: నంబర్ నిజమైనదే, ఇంజిన్ మాత్రం దానిలా లేదు

కారణం: మొత్తం 755 డబ్ల్యూపీలు ఒకేచోట తయారు కాలేదు. 7200 నుంచి 7215 వరకు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ చేసిన తొలి నమూనాలు. తర్వాత కెనడా, పోలాండ్, ఆస్ట్రియా ఫ్యాక్టరీల నుంచి వచ్చాయి. మన దేశంలోని చిత్తరంజన్ ఫ్యాక్టరీలో వీటి తయారీ 1963లో మొదలైంది. 1958 నాటి లేఅవుట్ మీద చిత్తరంజన్ డబ్ల్యూపీ నడవకూడదు.

పరిష్కారం: ముందు తేదీ తెలిసిన ఫోటో సంపాదించండి, అందులో కనిపించే నంబరే వేయండి.

సమస్య: రంగులు నమ్మబుద్ధి కావడం లేదు

కారణం: ప్రదర్శనకు పెట్టిన ఇంజిన్‌ను చూసి వేయడం. దానికి ఆ తర్వాత ఎన్నోసార్లు రంగు పడి ఉంటుంది.

పరిష్కారం: దాని నుంచి కొలతలు మాత్రమే తీసుకోండి. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో రంగు తెలియకపోయినా గీతలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. రంగు గురించి రిటైరైన డ్రైవర్లను అడగండి. "ఏ సంవత్సరం సార్?" అంటే తడుముకుంటారు. "మీరు ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడా, డ్రైవర్ అయ్యాకా?" అంటే వెంటనే చెప్తారు. వాళ్ల సర్వీసును బట్టి సంవత్సరం లెక్కకట్టొచ్చు.

సమస్య: పట్టాలు ఇరుకుగా ఉన్నాయి

కారణం: బజారులో దొరికే 16.5 మి.మీ. ట్రాక్ 1435 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) కోసం చేసింది. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.

పరిష్కారం: 1:87 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 87వ వంతు మోడల్‌కి, సుమారు 19.3 మి.మీ. ట్రాక్ సొంతంగా వేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే దొరికే ట్రాకే వాడండి, కానీ దానికి సరిపడేలా ఇంజిన్ బాడీని మాత్రం సన్నం చేయకండి.