కప్పు మీది ఏసీ: ఫీనిక్స్‌లో ప్యాకేజ్ యూనిట్ పెట్టించుకోవడం, చూసుకోవడం

మాది రెంటచింతల పక్క ఊరు. ఎండ సంగతి నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదనే అనుకునేవాణ్ణి, 2023 వేసవి దాకా. ఆ ఏడాది జూన్ 30 నుంచి జూలై 30 వరకు, వరసగా 31 రోజులు, మేముండే అమెరికాలోని ఫీనిక్స్‌లో పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 డిగ్రీల పైమాటే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక శనివారం సాయంత్రం మా ఏసీ ఆగిపోయింది.

ఫోన్ చేస్తే వచ్చిన మనిషి పది నిమిషాలు కప్పు మీద ఉండి దిగాడు. "కంప్రెసర్ పోయింది. మొత్తం మార్చాలి. 14 వేల డాలర్లు. ఇప్పుడే సంతకం పెడితే సోమవారం బిగిస్తాం" అన్నాడు. ఇంట్లో చూస్తే 95 డిగ్రీలు. మా మామగారు తడి తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నారు. సంతకం పెట్టేసేవాణ్ణే. పక్కింటాయన రిటైరైన ఎలక్ట్రీషియన్, "రేపు పొద్దున దాకా ఆగు" అన్నాడు. తెల్లవారుజామున 5 గంటలకి ఇద్దరం పైకెక్కి చూస్తే పోయింది కంప్రెసర్ కాదు, కెపాసిటర్, అంటే మోటార్లు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా. పైమూత ఉబ్బిపోయి కనిపిస్తోంది. 30 డాలర్ల లోపు సామాను. అది మార్చగానే యూనిట్ తిరిగింది, ఇంకో ఏడాదిన్నర తిరిగింది కూడా. 2025 ఫిబ్రవరిలో, తీరిగ్గా నాలుగు కొటేషన్లు తీసుకుని మార్చాను.

కాబట్టి నేను చెప్పే మొదటి పని క్యాలెండర్ చూసుకోవడం. మీ యూనిట్‌కి పదిహేనేళ్లు దాటి ఉంటే నవంబర్, ఫిబ్రవరి మధ్య మార్చండి. జూలైలో బేరమాడే ఓపిక మీకుండదు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు.

ప్యాకేజ్ యూనిట్ అంటే ఏమిటో చూడనివాళ్లకి రెండు ముక్కలు. మన ఊళ్లో స్ప్లిట్ ఏసీకి లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె. ఇందులో కంప్రెసర్, రెండు కాయిల్స్, బ్లోయర్ అన్నీ ఒకే పెద్ద పెట్టెలో, ఇంటి బయట ఉంటాయి. ఇంటికీ దానికీ మధ్య రెండు డక్టులే: చల్లగాలి లోపలికి తెచ్చేది ఒకటి, ఇంట్లో గాలిని వెనక్కి తీసుకెళ్లేది ఒకటి. వేరే రాష్ట్రాల్లో ఈ పెట్టె పెరట్లో సిమెంట్ దిమ్మ మీద ఉంటుంది, ఇక్కడి పాత ఇళ్లకి కప్పు మీద ఉంటుంది. ఒకప్పుడు ఈ కప్పుల మీద నీటి కూలర్లు ఉండేవట, మన గడ్డి కూలర్లకి అన్నదమ్ములు. గాలి పొడిగా ఉండే జూన్‌లో బాగా పనిచేసి, జూలైలో మాన్‌సూన్ తేమ రాగానే చేతులెత్తేసే రకం.

దీన్ని మీరే బిగించుకుందామని మాత్రం అనుకోకండి. రిఫ్రిజరెంట్, అంటే లోపల తిరిగే చల్లబరిచే గ్యాస్, ముట్టుకోవాలంటే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలి. పెట్టె బరువు దాదాపు 200 కిలోలు, క్రేన్ లేకుండా పైకి వెళ్లదు. కాంట్రాక్టర్ లైసెన్స్ ఉందో లేదో అరిజోనా రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ సైట్‌లో చూసుకోండి, పర్మిట్ సంగతి మీ సిటీ ఆఫీసులో అడగండి. మీ పని బిగించడం కాదు, ఏం బిగిస్తున్నారో తెలుసుకుని దగ్గర నిలబడటం. బ్రాండ్ గురించి వారం రోజులు చర్చించి, బిగించే రోజు ఆఫీసు కాల్‌లో ఉండేవాళ్లని చాలామందిని చూశాను. నాకైతే బ్రాండ్ అంత పెద్ద విషయంగా అనిపించలేదు.

సైజు దగ్గర మొదలుపెడదాం. 1 టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల వేడిని బయటికి తోడటం. మా పాతది 4 టన్నులు. కొటేషన్ ఇచ్చిన నలుగురిలో ముగ్గురు పాత యూనిట్ మీది ప్లేటు చూసి "4 టన్నులే" అని రాసిచ్చారు. నాలుగో ఆయన మాత్రం కిటికీలు కొలిచి, అటకెక్కి ఇన్సులేషన్ మందం చూసి, మాన్యువల్ జె అనే లెక్క వేసి మూడున్నర చాలన్నాడు. మేము మధ్యలో కిటికీలు మార్చాం, అటకలో ఇన్సులేషన్ పెంచాం, ఆ తేడా లెక్కలో తేలింది. ఎక్కువ టన్నులైతే మంచిదే కదా అంటారు మనవాళ్లు. పెద్ద యూనిట్ ఇంటిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. తేమ లాగడానికి దానికి టైమ్ చాలదు. పైగా ఉన్న డక్టులు అంత గాలిని మోయలేవు.

గాలి లెక్క ఇంకా ముఖ్యం. టన్నుకి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి కావాలి. అంటే మూడున్నర టన్నులకి 1,400. మా హాల్లో వెనక్కి వెళ్లే గాలికి ఉన్నది ఒకే ఒక జాలీ, 20 బై 25 అంగుళాలు. ఫిల్టర్ చదరపు అంగుళానికి 2 ఘనపుటడుగులకి మించి లాగకూడదన్నది మోటు లెక్క. ఆ ప్రకారం దాని కెపాసిటీ 1,000. అంటే పాత యూనిట్ ఇన్నేళ్లూ ముక్కు మూసుకుని పరిగెత్తింది. పడకగది వైపు ఇంకో జాలీ కోయించాను. మొత్తం బిల్లులో చాలా చిన్న ఖర్చు, కానీ ఇంట్లో తేడా తెలిసింది దానివల్లే. గాలి మోత తగ్గింది, మా అబ్బాయి గది మొదటిసారి చల్లబడింది. మీ కొటేషన్‌లో స్టాటిక్ ప్రెషర్, అంటే డక్టులో గాలి ఒత్తిడి, కొలిచే మాట లేకపోతే అడగండి. అదేమిటని ఎదురు ప్రశ్న వేస్తే ఇంకొకర్ని పిలవండి.

రిఫ్రిజరెంట్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. మా పాతది 2007 నాటి ఆర్-22, అమెరికాలో దాని తయారీ, దిగుమతి 2020లోనే ఆగిపోయాయి. 2025 నుంచి తయారయ్యే ఇంటి యూనిట్లలో ఆర్-410ఏ బదులు ఆర్-454బి గానీ ఆర్-32 గానీ వస్తోంది. రెండూ కొద్దిగా మండే గుణం ఉన్నవే, వంటగ్యాస్ లాగా కాదు. కొన్నింటిలో లీక్ సెన్సార్ ఉంటుంది, గ్యాస్ కారితే కంప్రెసర్‌ని ఆపి బ్లోయర్‌ని తిప్పుతుంది. నేను ఆర్-454బి హీట్ పంప్ తీసుకున్నాను, అంటే వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి ఇచ్చే రకం. శీతాకాలానికి విడిగా హీట్ స్ట్రిప్స్ (కరెంటుతో వేడెక్కే తీగలు) పెట్టించలేదు, ఈ ఊరి చలికి హీట్ పంప్ చాలు. హీట్ పంప్‌కి ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, ఎవరైనా అది చూపించి ఇప్పుడు ధర చెబితే నమ్మకండి.

ఇక బిగించే రోజు. క్రేన్ పని అరగంట, చూడ్డానికి వీధంతా వస్తుంది. అసలు పని ఆ తర్వాత. మీరు చూడాల్సినవి నాలుగు చోట్ల ఉంటాయి.

ఒకటి, డక్టు అతుకులు. కొత్త పెట్టె నోళ్లు పాతదాని కొలతకి రావు, మధ్యలో రేకు అడాప్టర్ వస్తుంది. ఆ అతుకులకి స్క్రూలు, మెష్, పైన మందంగా మాస్టిక్ (అతుకులు మూసే జిగురు ముద్ద) పూయాలి. బూడిదరంగు గుడ్డ టేపు చుడుతుంటే ఆపండి. దాని పేరు డక్ట్ టేపే గానీ, ఈ కప్పు మీద ఒక్క వేసవికే ఊడిపోతుంది.

రెండు, నీళ్ల గొట్టం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీనివల్ల నేను బాగా నష్టపోయాను. పాత యూనిట్ ఉన్నన్నాళ్లూ ప్రతి జూలైలో హాలు సీలింగ్ మీద గోధుమరంగు మరక వచ్చేది. కప్పు కారుతోందని రెండుసార్లు రూఫర్‌కి డబ్బిచ్చాను. కారింది వాన కాదు, ఏసీ నీళ్లు. ఈ పెట్టెల్లో బ్లోయర్ గాలిని కాయిల్ మీదుగా తనవైపు లాక్కుంటుంది. డ్రెయిన్ గొట్టానికి యు ఆకారంలో వంపు, అంటే ట్రాప్, లేకపోతే ఆ గొట్టంలోంచి కూడా బయటి గాలిని లాగుతుంది. ఆ గాలికి ఎదురుగా నీళ్లు బయటికి పోలేక పళ్లెం నిండి డక్టులోకి దిగుతాయి. గాలి పొడిగా ఉండే మే, జూన్ నెలల్లో నీళ్లే పెద్దగా రావు కాబట్టి తెలియదు. మాన్‌సూన్ రాగానే బయటపడుతుంది. ఎవరు బిగించారో గానీ మాకు ట్రాప్ పెట్టనే లేదు. ట్రాప్ ఎంత లోతు ఉండాలో యూనిట్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే పెట్టించండి. తెల్ల పీవీసీ ఎండకి పెళుసుబారుతుంది, రంగు వేయించండి. శీతాకాలంలో ట్రాప్ ఎండిపోతుంది గనక ఏప్రిల్‌లో ఒక చెంబెడు నీళ్లు పోయండి.

మూడు, కరెంటు. యూనిట్ ప్లేటు మీద బ్రేకర్ గరిష్ఠంగా ఎన్ని ఆంప్స్ ఉండొచ్చో రాసి ఉంటుంది. మా పాత బ్రేకర్ 50, కొత్త ప్లేటు మీద 40. చిన్న యూనిట్‌కి పెద్ద బ్రేకర్ ఉంటే పర్లేదనుకుంటారు, అది తప్పు. వైరు, మోటారు వేడెక్కినా బ్రేకర్ పడదు. మార్పించాను.

నాలుగు, థర్మోస్టాట్. హీట్ పంప్‌లో ఓ/బి అనే వైరు చల్లదనం, వేడి మధ్య మార్చే వాల్వ్‌ని నడుపుతుంది. చాలా కంపెనీలవి ఓ, కొన్నింటివి బి. మావాళ్లు ఆ సెట్టింగ్ తిరగేశారు. చల్లదనం పెడితే వేడి గాలి కొట్టింది. మా మామగారు పైకి చూసి, "దీనికోసం క్రేన్ ఎందుకు, కిటికీ తీస్తే సరిపోయేదిగా" అన్నారు. రెండు నిమిషాల్లో సరిచేశారు లెండి.

వాళ్లు వెళ్లిపోయే ముందు అంకెలు రాయించుకోండి. స్టాటిక్ ప్రెషర్, కంప్రెసర్ ఆంప్స్, జాలీ దగ్గర లోపలికి పోయే గాలి వేడి, డక్టులోంచి వచ్చే గాలి వేడి. చివరి రెండింటి మధ్య తేడా 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, మాకు 19 వచ్చింది. దీన్నే చాలామంది "బయటి ఎండ కంటే 20 డిగ్రీలే తగ్గించగలదు" అని తప్పుగా చెప్పుకుంటారు. అలాగైతే 115 డిగ్రీల రోజున ఇంట్లో 95లో కూర్చోవాలి. తేడా 22 దాటితే గాలి సరిపోవడం లేదని, ముందు ఫిల్టర్ చూడండి. 15 కంటే తగ్గితే గ్యాస్ తగ్గిందేమో, డక్టు కారుతోందేమో చూపించుకోవాలి. ఫ్యాక్టరీలోనే గ్యాస్ నింపి సీల్ చేసి వస్తుంది కాబట్టి, అంకెలు బాగుంటే గ్యాస్ ఒత్తిడి చూసే గేజులు ఊరికే తగిలించనివ్వకండి. వారంటీ రిజిస్టర్ చేయడం మర్చిపోకండి, చాలా కంపెనీలు 60 లేదా 90 రోజులే గడువిస్తాయి.

ఆ తర్వాత చూసుకోవడం పెద్ద పనేం కాదు. ఫిల్టర్ వేసవిలో నెలకోసారి, దుమ్ము తుఫాను వచ్చిపోతే ఆ వారమే. అంగుళం మందం ఫిల్టర్ అయితే మెర్వ్ (ఎంత సన్నటి దుమ్ము పడుతుందో చెప్పే అంకె) 8 చాలు, 13 పెడితే గాలి బిగబడుతుంది. హాలు జాలీలో ఒక ఫిల్టర్, యూనిట్ లోపల ఇంకో ఫిల్టర్ ఉన్న ఇళ్లు చూశాను, రెండోది ఉందని వాళ్లకే తెలియదు. ఒకటే ఉంచండి.

మార్చిలో పొద్దున్నే బయటి కాయిల్ కడగాలి. ముందు బ్రేకర్ ఆపి, పైన యూనిట్ దగ్గరుండే డిస్‌కనెక్ట్ స్విచ్ కూడా లాగేయండి. తోట గొట్టంతో నెమ్మదిగా కడిగితే చాలు, వీలైతే లోపలి నుంచి బయటికి. ప్రెషర్ వాషర్ తెచ్చారో, ఆ పల్చటి రెక్కలన్నీ వంగిపోయి గాలి ఆడదు. కప్పు మీదికి ఒంటరిగా ఎక్కకండి. జూన్‌లో అయితే పొద్దున ఏడు దాటాక అసలే వద్దు.

కెపాసిటర్ అదే రోజు చూస్తాను. కరెంటు తీసేశాక కూడా దానిలో షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉంటుంది. మల్టీమీటర్ వాడటం, ఛార్జ్ తీసేయడం రానివాళ్లు ఆ ప్యానెల్ తెరవొద్దు, టెక్నీషియన్‌తో కొలిపించి అంకె అడగండి. 45 మైక్రోఫారడ్ల దానికి 6 శాతం అటూఇటూ సహజం, 42.3 కంటే కిందికి వస్తే మే నెలలోపే మార్చేయండి. కాంటాక్టర్‌లో, అంటే యూనిట్‌కి కరెంటు కలిపే స్విచ్‌లో, చీమలు దూరాయేమో కూడా చూడమనండి. నవ్వకండి, రెండు పలకల మధ్య చీమలు నలిగి ఏసీ ఆగిపోవడం ఇక్కడ మామూలే.

మా కరెంటు ఏపీఎస్ అనే కంపెనీది, సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం 4 నుంచి 7 దాకా రేటు ఎక్కువ. అందుకే మధ్యాహ్నం నుంచి ఇంటిని 74కి చల్లబరిచి, నాలుగింటికి 80కి పెంచుతాం. గోడలు, గచ్చు పట్టిన చల్లదనం దాదాపు ఏడింటి దాకా లాక్కొస్తుంది.

నవంబర్‌లో ఒకసారి హీట్ పెట్టి పది నిమిషాలు నడిపి చూడండి. మీది గ్యాస్ మంటతో వేడి చేసే రకమైతే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. హీట్ పంప్ వాళ్లకి ఇంకో సంగతి. బాగా చలి ఉన్న తెల్లవారుజామున ఇంట్లోకి వేడి రావడం ఆగి, కప్పు మీద నుంచి తెల్లగా పొగలాంటిది లేస్తుంది. మా అత్తగారు ఒకసారి 911కి ఫోన్ చేయబోయారు. అది బయటి కాయిల్ మీద పట్టిన మంచును యూనిట్ కరిగించుకుంటుంటే వచ్చే ఆవిరి. కొద్ది నిమిషాల్లో దానంతటదే మామూలవుతుంది.