షిప్ టూరా, లోకల్ టూరా? పోర్టులో ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు

క్రూయిజ్ (షిప్‌లో ఊరూరూ చుట్టే విహారయాత్ర) బుక్ చేసుకున్న కొద్ది రోజులకే ఈ తర్జనభర్జన మొదలవుతుంది. పోర్టుల్లో దిగినప్పుడు షిప్ వాళ్లు అమ్మే టూర్లు తీసుకోవాలా, ఆ ఊరి టూర్ వాళ్లని పట్టుకోవాలా? చాలామంది దీన్ని ప్రయాణం మొత్తానికీ ఒకేసారి తేల్చేయాలని చూస్తారు. ‘మేం ఎప్పుడూ షిప్ టూర్లే’ అని కొందరు, ‘షిప్ టూర్లంటే దోపిడీ’ అని కొందరు. చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒకే క్రూయిజ్‌లో సోమవారం పోర్టుకి ఒక జవాబు ఉంటుంది, బుధవారం పోర్టుకి ఇంకో జవాబు ఉంటుంది. నేనైతే ముందు చూసేది ఒక్కటే: నేను తిరగబోయే చోటికీ షిప్‌కీ మధ్య ఎంత దూరం ఉంది, దారిలో ఎన్ని బండ్లు, పడవలు మారాలి?

సమస్య: షిప్ టూర్ ధర చూస్తే గుండె గుభేలుమంది

కారణం: క్రూయిజ్ కంపెనీలకి పోర్టుల్లో సొంత బస్సులు, సొంత గైడ్లు ఉండటం అరుదు. ఆ ఊరి టూర్ సంస్థతోనే ఒప్పందం చేసుకుని, దాని ధర మీద తమ వాటా వేసి అమ్ముతాయి. టూర్ నడిపేది స్వతంత్ర కాంట్రాక్టరనీ, జరగరానిది జరిగితే బాధ్యత తమది కాదనీ టికెట్ షరతుల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది కూడా. కాబట్టి మీరు అదనంగా కడుతున్నది మంచి బస్సుకి కాదు. ఆలస్యమైనా మిమ్మల్ని షిప్‌కి వెనక్కి చేర్చే పూచీకి, మీకు వెతుకులాట తప్పినందుకు.

పరిష్కారం: ఆ పోర్టులో ఆ పూచీ మీకు అవసరమా అని చూడండి. అవసరం లేదనిపిస్తే అదే రూట్ లోకల్‌గా ఎంతకి వస్తుందో కనుక్కోండి. పోల్చేటప్పుడు ప్రవేశ టికెట్లు, భోజనం, పోర్టు నుంచి పికప్ రెండు వైపులా లెక్కలో ఉన్నాయో లేదో చూడకపోతే ఆ పోలికకి అర్థం లేదు. ఇంకో సంగతి: షిప్ ధర తలకి ఇంత అని ఉంటుంది, లోకల్ వ్యాన్ ధర చాలాసార్లు బండికి ఇంత అని ఉంటుంది. ఇద్దరే అయితే తేడా పెద్దగా కనబడకపోవచ్చు. ఆరుగురు కలిసి వెళ్తే మాత్రం సొంత బండి, సొంత డ్రైవరు ఉండి కూడా బాగా తక్కువలో తేలుతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకి షిప్ బస్సే చవకైన సందర్భాలూ లేకపోలేదు.

అసలు టూరే అక్కర్లేని పోర్టులు కూడా ఉన్నాయి. నార్వేలోని బెర్గెన్‌లో షిప్ దిగి ఊరి నడిబొడ్డుకి నడిచి వెళ్లొచ్చు. 1918 నుంచి నడుస్తున్న ఫ్లోయ్‌బానెన్ అనే కొండ రైలు ఎక్కితే 320 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది. టికెట్ కొనుక్కుని కూర్చోవడమే, దానికి గైడ్ ఎందుకు?

సమస్య: లోకల్ టూర్‌లో ఉన్నంతసేపూ షిప్ వెళ్లిపోతుందేమోనని టెన్షన్

ఈ భయం ఉత్తిదేం కాదు. షిప్ బయలుదేరే సమయం వేరు, అందరూ లోపల ఉండాల్సిన సమయం వేరు. రెండోదాన్నే ఆల్ అబోర్డ్ అంటారు. ఇది సాధారణంగా బయలుదేరడానికి అరగంట ముందు, కొన్ని పోర్టుల్లో గంట ముందే ఉంటుంది. పోర్టు నుంచి దారి చూపించే పైలట్, రేవులో షిప్ ఆగే చోటు (బెర్తు) ఖాళీ చేయాల్సిన సమయం, ఆటుపోట్లు, తర్వాతి పోర్టు చేరాల్సిన వేళ అన్నీ ముందే ఖరారై ఉంటాయి. ఒకళ్లిద్దరి కోసం కెప్టెన్ ఆపడు.

2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరానికి దగ్గరలోని సావో టోమే దీవిలో ఇదే జరిగింది. సొంతంగా టూర్ తీసుకున్న 8 మంది ఆలస్యంగా తీరానికి చేరారు. షిప్ ఇంకా లంగరు మీదే ఉంది. కోస్ట్ గార్డ్ పడవలో వాళ్లని షిప్ దాకా తీసుకెళ్లారు కూడా. అయినా ఎక్కించుకోలేదు. ఆ తర్వాత దేశాలు దాటుకుంటూ సెనెగల్‌లోని డాకర్ దాకా వెళ్తేగానీ మళ్లీ షిప్ ఎక్కలేకపోయారు.

షిప్ టూర్ బస్సు ఆలస్యమైతే కథ వేరు. మామూలుగా షిప్ ఆగుతుంది. ఆగడం కుదరకపోతే తర్వాతి పోర్టుకి కంపెనీయే తన ఖర్చుతో చేరుస్తుంది. కాకపోతే మీరు ఆ టూర్‌తోనే తిరిగి రావాలి. ‘మీరు వెళ్లండి, మేం కాసేపు బజారు చూసి వస్తాం’ అని మధ్యలో దిగిపోతే ఆ పూచీ అక్కడితో సరి.

పరిష్కారం దూరాన్ని బట్టి ఉంటుంది. క్రూయిజ్ టికెట్ మీద ‘రోమ్’ అని ఉంటుంది, షిప్ ఆగేది సుమారు 80 కిలోమీటర్ల అవతల ఉన్న చివిటవెక్కియాలో. ‘పారిస్’ అంటే దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని లె హావ్ర్. ‘బెర్లిన్’ అంటే వార్నెమ్యూండె, పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. దారిలో ఒక్క యాక్సిడెంట్ జరిగి ట్రాఫిక్ ఆగిపోయినా అక్కడ లెక్క తప్పుతుంది. పారిస్, బెర్లిన్ లాంటివాటికి నేను షిప్‌కే డబ్బు కడతాను, ఏ మాత్రం బాధపడను. రోమ్‌కి రైలు ఉంది కాబట్టి సొంతంగా వెళ్లినా ఫర్వాలేదు, అయితే షిప్‌ని అందుకోగల చివరి రైలు మీద ఆధారపడకుండా, దానికి ముందు ఇంకో రెండు రైళ్లు మిగిలి ఉండగానే స్టేషన్‌లో ఉండాలి.

పడవ మారాల్సి వస్తే జాగ్రత్త ఇంకా పెంచండి. మెక్సికోలోని కొజుమెల్ దీవిలో దిగి మాయా నాగరికత నాటి తులుమ్ శిథిలాలు చూడాలంటే ఫెర్రీలో ప్రధాన భూభాగానికి వెళ్లాలి, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లాలి, మళ్లీ అదే దారిలో రావాలి. గాలి ఎక్కువై ఫెర్రీ ఆగిపోతే ఎంత మంచి గైడ్ అయినా చేసేదేమీ లేదు. అదే కొజుమెల్‌లో బీచ్‌కో స్నార్కెలింగ్‌కో (నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం) అయితే లోకల్ వాళ్లే మేలు. పోర్టు పక్కనే తిరిగేవాటికి ఆల్ అబోర్డ్ కంటే గంట ముందు, దూరం వెళ్లేవాటికి కనీసం రెండు గంటల ముందు వెనక్కి వచ్చేలా టూర్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఆ మాట రాతలో ఉండాలి.

రెండింటికీ మధ్యలో ఒక దారి ఉంది, చాలామంది దాన్ని గమనించరు. దూరం పోర్టుల్లో షిప్ వాళ్లు గైడ్ లేకుండా ఉత్త బస్సు ప్రయాణం కూడా అమ్ముతుంటారు. ఊరి మధ్యలో దింపుతారు, ఫలానా టైమ్‌కి అక్కడే ఎక్కించుకుంటారు. రాకపోకల పూచీ షిప్‌ది, ఊళ్లో తిరగడం మన ఇష్టం. కావాలంటే ఆ నాలుగు గంటలకి లోకల్ గైడ్‌ని పెట్టుకోవచ్చు.

సమస్య: చెప్పిన టైమ్‌కే వెళ్లాం, గైడ్ కనిపించలేదు

గైడ్ మోసం చేశాడని అనుకునే ముందు రెండు చూసుకోండి.

మొదటిది గడియారం. షిప్ తన సమయాన్ని మార్చకుండా ఉంచుకోవచ్చు, ఫోన్ మాత్రం తీరంలోని సిగ్నల్ అందగానే తనంతట తనే మారిపోతుంది. కొజుమెల్ ఉన్న క్వింతానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది. అందుకే శీతాకాలంలో అమెరికాలోని ఫ్లోరిడా సమయంతో సరిపోతుంది, వేసవిలో గంట వెనకబడుతుంది. ఫ్లోరిడా సమయం మీదే నడుస్తున్న షిప్ నుంచి దిగి ఫోన్ చూసుకుంటూ తిరిగితే ఇంకా గంట ఉందనిపిస్తుంది, నిజానికి ఉండదు. ఫోన్‌లో ఆటోమేటిక్ సమయం ఆపేయండి, లేదా షిప్ టైమ్ పెట్టిన ముళ్ల వాచీ కట్టుకోండి. లోకల్ టూర్ బుక్ చేసేటప్పుడు ‘తొమ్మిదింటికి’ అంటే షిప్ టైమా, ఊరి టైమా అని విడిగా అడగాలి. కొత్తవాళ్లు సిగ్గుపడి అడగని ప్రశ్న ఇదే.

రెండోది చోటు. చాలా పోర్టుల్లో బయటి టూర్ వాళ్లని సెక్యూరిటీ గేటు లోపలికి రానివ్వరు. షిప్ టూర్ వాళ్లకి బస్సు మెట్ల దగ్గరికే వస్తుంది, మిగతావాళ్లు గేటు దాకా నడవాలి లేదా షటిల్ బస్సు ఎక్కాలి. చివిటవెక్కియాలో ఆ షటిల్ లార్గో దెల్లా పాచె అనే చోట దింపుతుంది, కొందరు గైడ్లు అక్కడే కలుస్తారు. కొజుమెల్‌లో క్రూయిజ్ షిప్‌లు ఆగే పియర్లు మూడున్నాయి. మీ షిప్ ఏ పియర్‌కి వస్తుందో టూర్ వాళ్లకి షిప్ పేరుతో సహా చెప్పి, కలిసే చోటు ఫొటో పంపమనండి.

సమస్య: ఒడ్డుకి చేరేసరికే సగం పొద్దు పోయింది

షిప్ రేవుకి ఆనుకోకుండా సముద్రంలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని దింపే చోట్లు ఉంటాయి. వీటిని టెండర్ పోర్టులంటారు. కరీబియన్ సముద్రం వైపున్న గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ, గ్రీస్‌లోని సాంటొరీని దీవి అలాంటివే. ముందు పడవలు షిప్ టూర్ వాళ్లకి. మిగతావాళ్లు నంబరు చీటీ తీసుకుని కూర్చోవాలి.

సాంటొరీని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అక్కడ షిప్ టూర్ వాళ్లని సాధారణంగా అథినియోస్ రేవులో దింపుతారు, బస్సు అక్కడికే వస్తుంది. మిగతావాళ్లని కొండ కింద పాత రేవులో దింపుతారు. అక్కడి నుంచి పైనున్న ఫీరా ఊరికి కేబుల్ కారులో వెళ్లాలి, లేదా దాదాపు 600 మెట్లు ఎక్కాలి. గాడిదలూ ఉన్నాయి, నేను వాటి జోలికి పోను. లోకల్ గైడ్‌తో మాట్లాడేటప్పుడు ‘కలిసేది ఫీరాలోనా, కిందనా?’ అన్నది తేల్చుకోకపోతే ఫోన్లు చేసుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. సాయంత్రం కిందికి దిగేటప్పుడు ఆ కేబుల్ కారు దగ్గర షిప్ టూర్ వాళ్లూ, మనమూ ఒకే క్యూలో ఉంటాం. రెండు మూడు షిప్‌లు వచ్చిన రోజున ఆ క్యూకి గంట పైనే కేటాయించుకోండి.

టెండర్ పోర్టులో పొద్దున్నే మొదలయ్యే లోకల్ టూర్ పెట్టుకోవద్దు. షిప్ వచ్చిన రెండు గంటల తర్వాత మొదలయ్యేది చూసుకోండి.

సమస్య: టూర్ అన్నారు, సగం సేపు దుకాణాల్లోనే గడిచింది

షిప్ టూరైనా, లోకల్ టూరైనా ఈ జబ్బు ఉంది. కారణం కమిషన్. ‘చేతిపనుల ప్రదర్శన’, ‘స్థానిక ఉత్పత్తుల రుచి’ అని వివరాల్లో కనిపిస్తే అది దుకాణమే అనుకోవచ్చు. ఏ చోట ఎన్ని నిమిషాలు ఆగుతారో అడగండి. సమాధానం డొంకతిరుగుడుగా ఉంటే ఆ టూర్ వదిలేయండి. నలభై మంది బస్సుతో వచ్చే నష్టం వేరే: ప్రతి చోటా ఎక్కడానికి దిగడానికే పావుగంట పోతుంది. ఓసారి పొద్దున్నే చొక్కాకి నంబరు స్టిక్కర్ అంటించుకుని, షిప్‌లోని థియేటర్‌లో నలభై నిమిషాలు మా పిలుపు కోసం కూర్చున్నాం. కిటికీ లోంచి చూస్తే సొంతంగా వెళ్లేవాళ్లు అప్పటికే గేటు దాటుతున్నారు.

సమస్య: లోకల్ వాళ్లని నమ్మొచ్చా, ఏదైనా జరిగితే?

షిప్ వాళ్లు తమ టూర్ సంస్థల లైసెన్సు, ఇన్సూరెన్సు అడుగుతారు. అది నిజంగా మేలే. కానీ షిప్ అమ్మింది కాబట్టి ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వకారీ అగ్నిపర్వత దీవి పేలినప్పుడు అక్కడ 47 మంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది తౌరంగాలో ఆగిన క్రూయిజ్ షిప్ నుంచి, షిప్ ద్వారానే టూర్ కొనుక్కుని వచ్చినవాళ్లు. 22 మంది చనిపోయారు.

అందుకని స్కూబా, జిప్‌లైన్, హెలికాప్టర్, అగ్నిపర్వతం లాంటివాటికి టూర్ ఎవరు అమ్మారన్నది పక్కన పెట్టి, నడిపేవాళ్లెవరో పేరు కనుక్కోండి. వాళ్ల లైసెన్సు, ఆ వారంలో అక్కడ ఉన్న హెచ్చరికలు చూడండి. మీ ట్రావెల్ ఇన్సూరెన్సు ఆ సాహసానికి వర్తిస్తుందో లేదో కూడా చదవండి, చాలావాటిలో మినహాయింపులుంటాయి. గేటు బయట చుట్టుముట్టే టాక్సీవాళ్ల విషయానికొస్తే, ధర మనిషికా బండికా, ఒకవైపుకా రానూపోనూకా, ఏ కరెన్సీలో అన్నవి ఎక్కకముందే తేలాలి. మొత్తం డబ్బు షిప్ దగ్గరికి తిరిగి వచ్చాకే ఇవ్వాలి.

సమస్య: షిప్ ఆ పోర్టుకే వెళ్లలేదు, కట్టిన డబ్బు?

అలలు ఎక్కువైతే కెప్టెన్ పోర్టు వదిలేసి వెళ్లిపోతాడు. టెండర్ పోర్టుల్లో ఇది మరీ ఎక్కువ. షిప్ టూర్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. లోకల్ వాళ్లలో క్రూయిజ్ ప్రయాణికులకి అలవాటు పడ్డవాళ్లు ‘షిప్ రాకపోతే పూర్తి వాపసు’ అని రాసే ఉంచుతారు. ఆ వాక్యం లేనివాళ్లకి ముందుగా డబ్బు కట్టొద్దు.

సమస్య: అన్నీ చూసుకున్నా షిప్ వెళ్లిపోయింది

ముందు పోర్టు ఏజెంట్‌కి ఫోన్ చేయండి. ఆ పోర్టులో షిప్ పనులు చూసే మనిషి ఆయన. ఆయన నంబరు షిప్‌లో రోజూ ఇచ్చే కార్యక్రమాల కాగితంలోనో, యాప్‌లోనో ఉంటుంది. దిగేముందే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోవాలి. ఎవరైనా రాలేదని తెలిస్తే, బయలుదేరే ముందు సిబ్బంది వాళ్ల క్యాబిన్‌లోని లాకర్ తెరిచి పాస్‌పోర్టులు ఏజెంట్‌కి అప్పగించే అలవాటు చాలా షిప్‌లలో ఉంది. అందుకే పాస్‌పోర్టు మీ దగ్గర లేకపోతే పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తే ముందు ఏజెంట్‌ని అడగండి. తర్వాతి పోర్టు వేరే దేశంలో ఉంటే, అక్కడికి విమానంలో వెళ్లడానికి మీకు వీసా కావాలా అన్నది చూసుకున్నాకే టికెట్ కొనండి. షిప్‌లో వెళ్లేవాళ్లకి వీసా అడగని దేశం విమానంలో దిగేవాళ్లకి అడగొచ్చు. టికెట్లు, హోటల్ ఖర్చు మీదే. ఇన్సూరెన్సు క్లెయిమ్ చేయాలంటే ఆలస్యానికి కారణం రాసి ఉన్న కాగితం కావాలి, ఆ కాగితం టూర్ వాళ్ల దగ్గర అప్పుడే రాయించుకోండి. బండి చెడిపోయిందనో, రోడ్డు మూసేశారనో వాళ్లు ఆ రోజైతే రాసిస్తారు. నెల తర్వాత మెయిల్ పెడితే జవాబు రావడమే కష్టం.