గోచీ పోసి పంచె కట్టుకునే విధానం

పెళ్ళిపీటల మీదో, వ్రతానికో తప్ప పంచె ముట్టని వారు ఎక్కువైన ఈ రోజుల్లో, అంటుపట్టీలతో కుట్టిన పంచెలు అంగళ్ళలో విరివిగా దొరుకుతున్నాయి. అయినా కుట్టు లేని గుడ్డను నడుముకు చుట్టి, ఒక్క ముడితో రోజంతా నిలబెట్టే విద్య చేజారిపోకూడదని నా గట్టి కోరిక. మా తాతగారు ఆ కట్టుతోనే పొలంలో వంగి పనిచేసేవారు, సైకిలు తొక్కేవారు.

ముందుగా పంచె కొలత చూసుకోవాలి. నాలుగు మూరల పంచె, అంటే సుమారు 1.8 మీటర్లది, అడ్డపంచెగా చుట్టుకోవడానికే సరిపోతుంది. గోచీకి ఎనిమిది మూరలు, అంటే దాదాపు 3.6 మీటర్ల పొడవు కావాలి. నేర్చుకునేవారు పట్టుపంచెతో మొదలుపెట్టవద్దు, అది నడుము మీద జారుతుంది. మంగళగిరి నూలు పంచె గానీ, చేత్తో వడికిన నూలుతో నేసే పొందూరు ఖాదీ గానీ ఒకసారి ఉతికి, పలచగా గంజి పెట్టి ఆరవేస్తే చెప్పినట్టు వింటుంది.

పంచె పొడవులో సరిగ్గా మధ్యభాగాన్ని వెన్ను మీద ఆనించి, రెండు కొసలను ముందుకు తెచ్చి, ఇరువైపులా సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కింది అంచు చీలమండను తాకేటట్టు ఎత్తు సరిచేసుకున్న తరువాత, బొడ్డు దగ్గర రెండు వైపుల పై అంచులను బెత్తెడేసి మెలిపెట్టి, ఊపిరి బిగబట్టకుండా, కడుపును లోపలికి లాక్కోకుండా గట్టిగా ముడి వేయాలి. కట్టు భారమంతా మోసేది ఈ ముడే కనుక, ఇది వదులైతే తరువాత ఎంత అందంగా కుచ్చిళ్ళు పెట్టినా నాలుగడుగులకే జారిపోతాయి. మొదటి కొద్ది రోజులు దాని మీద సన్నని బెల్టు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఎడమవైపు వేలాడే కొసను తీసుకొని, దాని వెడల్పు వెంట, కింది అంచు నుండి పై అంచు వరకు, నాలుగు వేళ్ళ వెడల్పున మడతలు పెట్టాలి. కాళ్ళు కొంచెం ఎడంగా ఉంచి, ఆ మడతల కట్టను కాళ్ళ మధ్యనుండి వెనక్కి పంపి, వెన్నుపూసకు సూటిగా నడుము దగ్గర లోతుగా దోపాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే. భయంతో గోచీని బిగించి లాగితే పిక్కలు బయటపడి అడుగు సాగదు, మరీ వదిలేస్తే గుడ్డ కాళ్ళ మధ్య వేలాడుతుంది. ఒకసారి మోకాళ్ళు వంచి, సగం కూర్చున్న భంగిమలో దోపుకుంటే ఎంత వదులు కావాలో శరీరమే చెబుతుంది. గోచీ పోసి చీర కట్టడంలోనూ ఈ వదులే కీలకం.

కుడివైపు మిగిలిన భాగాన్ని కొస నుండి మొదలుపెట్టి నిలువు కుచ్చిళ్ళుగా మడవాలి. ఐదారు కుచ్చిళ్ళు వస్తాయి. జరీ అంచు పైకి కనిపించేటట్టు వాటిని బొడ్డు దగ్గర ముడి పక్కనే దోపి, కింద నేలకు రాసుకోకుండా సర్దుకోవాలి.

చివరగా బాసింపట్టు వేసి కూర్చొని లేవండి. వెనుక గోచీ ఊడివస్తే దోపుడు చాలలేదు, నడుమే జారితే ముడి చాలలేదు. ఏది చాలలేదో దాని నుండే మళ్ళీ కట్టుకోవాలి.