వరికి సేంద్రియ ఎరువు వేస్తే గిట్టుబాటు అవుతుందా? లెక్క ఎలా వేసుకోవాలి?

మన నెల్లూరు సైడు ఎవర్ని అడిగినా ట్రక్కు పెంట ఎంత, ఎకరాకి ఎన్ని ట్రక్కులు అనే మాట్లాడతారు గానీ, అందులో సత్తువ ఎంతుంది, అది వేసినందుకు ఏ బస్తా తగ్గించాం అని లెక్క రాసేవాళ్ళు తక్కువ. డబ్బులు పోయేది అక్కడే.

ముందు ట్రక్కు పక్కన పెట్టి కిలో నత్రజని ఎంతకి పడుతుందో చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు, బస్తా 266 అనుకుంటే కిలో 13 రూపాయలే. మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం అటూఇటూ, అంటే టన్నుకి 5 కిలోలు, అదీ మొదటి పంటకే అంతా అందదు, టన్ను వెయ్యి రూపాయలకి దొరికినా కిలో నత్రజని 200 పడింది. సబ్సిడీ యూరియాతో నత్రజని ఒక్కదాంట్లో పోటీ పెడితే ఏ పెంటా గెలవదు, ఇది ఒప్పుకునే మొదలుపెట్టాలి. కానీ పెంటలో భాస్వరం, పొటాష్, జింకు కూడా వస్తాయి, నేల గుల్లబారుతుంది, సత్తువ తర్వాత పంటకి కూడా మిగులుతుంది, అందుకే ఖర్చుని రెండు మూడు పంటలకి పంచి రాయండి.

తర్వాత మట్టి పరీక్ష. రైతు సేవా కేంద్రంలో అడిగితే శాంపిల్ ఎలా తియ్యాలో చెప్తారు. భాస్వరం ఎక్కువ ఉందని వస్తే 1,350 పెట్టి డీఏపీ కొనే పని తగ్గుతుంది. పెంట తోలి, పాత బస్తాలన్నీ కూడా వేస్తే అది అదనపు ఖర్చే, ఆదా కాదు.

ఎరువు ఎక్కడ చవక? బయట కొనే వర్మీకంపోస్టు, వేప పిండితో వరి మొత్తం లాగాలంటే చాలా కష్టం. ఎడగారు (రెండో పంట) వెయ్యని పొలం ఖాళీగా ఉంటది కదా, వాన పడగానే ఎకరాకి 10-12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూతకొచ్చే టైంకి, అంటే 40-45 రోజులకి కలియదున్నేస్తే 20 నుంచి 30 కిలోల నత్రజని దాకా వస్తుంది, రవాణా ఖర్చు ఉండదు. పశువులుంటే పిల్లిపెసర మేలు, మేత కూడా అవుతుంది. ఇంకోటి గొర్రెల మంద కట్టించడం, అంటే రాత్రిళ్ళు మందని పొలంలోనే ఉంచడం, మన నెల్లూరు గొర్రెలు ఉన్న ఊళ్ళో అది వదులుకోవద్దు, మంద లేచిన వెంటనే దున్నేయండి, ఆలస్యం అయితే నత్రజని గాల్లో కలిసిపోద్ది.

ఇప్పుడు అసలు లెక్క, పుట్టిలో. 850 కిలోల పుట్టికి 2025-26 మద్దతు ధర క్వింటా 2,369 చొప్పున సుమారు 20,100. ఎకరాకి 3 పుట్లు పండే చోట యూరియా పూర్తిగా మానేసి రెండున్నరకి పడిపోయారనుకోండి, ఖర్చు అంతే ఉంటే పుట్టికి దాదాపు 24,100 వస్తేనే పాత ఆదాయం నిలుస్తుంది. ఆ రేటు ఇచ్చేవాళ్ళు ముందే మాట్లాడి ఉండాలి, కోతకొచ్చాక వెతికితే మిల్లువాళ్ళు మామూలు వడ్ల రేటే కడతారు.

అందుకే మొదట అర ఎకరాలో చెయ్యండి, జీలుగ దున్ని, యూరియా అర బస్తా మాత్రమే తగ్గించి, గట్టు అవతల పాత పద్ధతే ఉంచండి. విత్తనం, దుక్కి, కూలి, మందు కొట్టిన ఖర్చు రెండిటికీ విడివిడిగా రాసి, నూర్చినప్పుడు వడ్లు కూడా విడిగానే తూకం వెయ్యండి.